మేడమీద మామ రబ్బరు ముక్క

మేడమీద మామ పోయారు. అరవవాళ్ల ఆవణి నెల చివరి వారంలో ఒక పొద్దున, మద్రాసు పురసవాక్కంలో బస్సు దిగి రోడ్డు దాటుతుండగా అమ్మ ఫోను చేసింది. "పాపా, మామ పోయినాడు. నిద్దర్లోనే అంట. అత్త కాఫీ తీసకపోయి లేపితే లేవలే" అంది. "ఇంటికొచ్చెయ్" అని పెట్టేసింది. పక్కన బట్టల కొట్టువాళ్లు షట్టరు ఎత్తుతున్నారు. ఇలాంటప్పుడు మనిషికి పెద్ద పెద్ద సంగతులు గుర్తొస్తాయంటారు. నాకు మాత్రం మా ఇడ్లీ రేకు ఒకటి ఇంకా ఆయన దగ్గరే ఉండిపోయిందని గుర్తొచ్చింది. నా బుద్ధికి నాకే సిగ్గేసింది. తిరుగు బస్సెక్కి కూర్చున్నాక గాని ఏడుపు రాలేదు.

రక్తసంబంధం ఏమీ లేదు. పెరంబూరులో మా ఇల్లు కింద, వాళ్లది సరిగ్గా మా నెత్తిమీద. అమ్మ ఆయన్ని అన్నా అని పిలిచేది కాబట్టి ఆయన నాకు మామ, ఆయన భార్య నాకు అత్త. వాళ్ల పెద్దలు చిత్తూరు వైపు నుంచీ, మా పెద్దలు నెల్లూరు వైపు నుంచీ వచ్చారట. ఎప్పుడొచ్చారని అడిగితే రెండిళ్లలోనూ జవాబు లేదు. మామ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో వైరింగు పని చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత మా మూడంతస్తుల బిల్డింగులో ఉన్న ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ల మోటారూ ఆయనకి రైలు పెట్టెలయ్యాయి. ఎవరింటికి పిలిచినా వెళ్లేవారు. కాఫీ మాత్రం ఇవ్వాలి, అదీ పని అయ్యాకే. ముందే ఇస్తే ముట్టుకునేవారు కాదు.

ఏదైనా విప్పితే ఆ స్క్రూలను ఇడ్లీ రేకు గుంటల్లో వేసేవారు. మొదట విప్పినవి మొదటి గుంటలో, తర్వాతవి రెండో గుంటలో. బిగించేటప్పుడు చివరి గుంట నుంచి వెనక్కి వచ్చేవారు. అలా వాళ్లింట్లో రేకులన్నీ స్క్రూల పాలయ్యాక అత్త తిరగబడింది. "నేను ఇడ్లీ పొయ్యల్లనా, ఈయన మేకులు పొయ్యల్లనా? ఏదో ఒకటి చెప్పమను వదినా!" అని మా అమ్మ దగ్గర పంచాయితీ పెట్టింది. అమ్మ జాలిపడి మా ఇంటి రేకు ఒకటి పైకి పంపింది. అది పోయింది పోయినట్టే.

చెయ్యి మంచిదే గాని నోరు మంచిది కాదని బిల్డింగులో ఆయనకి పేరు. ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉండేది. అందులో మూడు గడులు: వస్తువు ఏది, లోపం ఏమిటి, ఎవరివల్ల. రాసింది తెలుగే, అక్షరాలు మాత్రం అరవం. తెలుగు రాయడం ఆయనకి రాదు. "మిక్సీ. లోపం లేదు. మూత సరిగా పెట్టలేదు. టీచరమ్మ" అని రాసుకుని, అదేదో మెప్పు అయినట్టు ఆ టీచరమ్మకే చదివి వినిపించేవారు. ఒకసారి నీళ్ల మోటారు ఆగిపోతే, ఎలుకలు వైరు కొరికేశాయని అసోసియేషన్ సెక్రటరీ ఇంటింటికీ చెప్పుకుంటూ తిరిగాడు. మామ వెళ్లి చూసొచ్చి, నలుగురూ బిందెలతో నిలబడి ఉండగా, "ఎలక్కి పాపం ఏం తెలుసు సార్, మెయిన్ స్విచ్చి ఆపేసి తాళమేసింది మీరే గదా" అన్నారు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. సెక్రటరీ నెల్లాళ్లు మొహం మాడ్చుకు తిరిగాడు.

"ఎందుకు మామా, బాగు చేసి ఊరుకోవచ్చుగా" అని నేనొకసారి అడిగాను.

"తప్పును దాని పేరు పెట్టి పిలవల్ల పాపా. పేరు మార్చి రాసినామనుకో, ఆ తప్పు పెట్టెతోబాటు ఊరు దాటి పోతాది. దాంట్లో మనుషులు కూర్చోనుంటారు గదా" అన్నారు.

అలాంటి మనిషి ఒకే ఒక్కసారి, మా ఇంట్లో, నా ఎదురుగా, కన్నార్పకుండా అబద్ధమాడారు. ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది ఆ అబద్ధం కోసమే.

నాలుగేళ్ల కిందటి మాట. పుస్తకాలకు కంప్యూటరులో పేజీలు కట్టే పని నాది. నేను పనిచేస్తున్న ప్రెస్సు మూతపడింది. ఇంట్లో ఉన్నది నేనూ అమ్మా ఇద్దరమే. ఇంకో ఆఫీసువాళ్లు, ఇంటి నుంచే చేయొచ్చు, కాని ముందు ఒక అధ్యాయం కట్టి సోమవారం పొద్దున్నకల్లా పంపమన్నారు. బాగుంటే పని నాది. నా పాత కంప్యూటరేమో నాలుగు బొమ్మలు పెట్టేసరికి మూలిగేది. కొత్తది కొనే బదులు భాగాలు విడివిడిగా తెచ్చుకుని నేనే బిగించుకుంటానని పంతం పట్టాను. వీడియోలు చూసి నేర్చుకున్నాను. ముప్పైయెనిమిదేళ్ల వయసులో ఏదైనా సొంత చేత్తో చేసి చూపించాలని ఉండదా?

భాగాలన్నీ వచ్చాయి. పూజ చేయకుండా కొత్త వస్తువుకి కరెంటు ఇవ్వడం మా ఇళ్లలో లేదు. అన్నిటినీ పళ్లేల్లో పెట్టి దేవుడి ముందు ఉంచాను. చందనం, కుంకుమ కలిపి గిన్నె అమ్మ చేతికిచ్చాను. అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

నాన్న పోయి అప్పటికి ఏడేళ్లు. ఆ రోజు నుంచీ అమ్మ ఏ శుభానికీ ముందు నిలబడలేదు. పెళ్లిళ్లకి పోతే వెనక వరసలో కుర్చీ వెతుక్కునేది. ఎవరైనా కొత్త చీర చూపిస్తే చేతులు వెనక్కి పెట్టుకుని చూసేది. అలా ఉండమని ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు కూడా. నాకు అది చూస్తే ఒళ్లు మండేది. అందుకే ఆ రోజు పట్టుబట్టాను. "మొదటి బొట్టు నీ చేత్తోనే పడాలి. లేకపోతే ఇది బిగించను" అన్నాను. మూడుసార్లు వద్దంది. నాలుగోసారి వెళ్లి తలస్నానం చేసి వచ్చి, ఒక్కోదానికీ బొట్టు పెట్టింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

శనివారం సాయంత్రానికి అంతా బిగించి స్విచ్చి నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి, లైటు వెలిగింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. వైర్లు మార్చాను, తెర మార్చాను, వీడియోలో చెప్పినవన్నీ చేశాను. తల ప్రాణం తోకకొచ్చింది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. కాసేపయ్యాక మెల్లిగా, "నేను చెప్తిని గదా పాపా" అని లోపలికి వెళ్లిపోయింది. పని పోతే ఇంకో పని చూసుకోవచ్చు. ఆ మాటను మాత్రం ఎలా వెనక్కి పంపాలో నాకు తెలియలేదు. చచ్చీ చెడీ ఏడేళ్లకి ఒక్క అడుగు ముందుకి వేయిస్తే, నా వెధవ పంతం ఆమెను పది అడుగులు వెనక్కి నెట్టినట్టయింది.

ఆదివారం పొద్దున్నే మేడెక్కి మామని పిలిచాను. సామాన్ల పెట్టె, ఇడ్లీ రేకు పట్టుకుని దిగారు. కళ్లజోడు తాడుతో మెడకి వేలాడుతోంది.

"ఏం పాపా, ఇది సచ్చిపోయిందా, ఇంకా పుట్టనేలేదా?" అన్నారు.

"పుట్టలేదు మామా."

"సెరి. నేను దీన్ని ఎరగను. కరెంటును ఎరుగుదును. ఏది ఏందో నువ్వు చెప్పు, ఏది ఎందుకో నేను అడుగుతా."

వచ్చీరాగానే చెయ్యి వేయలేదు. ఎప్పుడూ అంతే. పీట వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, ఎదురుగా కూర్చుని విన్నారు. ముందు చెవి, తర్వాత కన్ను, చేతిది ఆఖరి వంతు అనేవారు. తర్వాత, "పెండ్లి చేయాలంటే ఎవరెవరు కావల్ల? పెండ్లికొడుకు, పెండ్లికూతురు, అయ్యోరు. అంతేనా? మిగతా చుట్టాలందర్నీ బయటికి పంపు" అన్నారు. అది లేకుండా వెలుగుతుందా, ఇది లేకుండా వెలుగుతుందా అని ఒక్కోదాన్నీ అడిగి, అక్కర్లేనివన్నీ నాచేతనే తీయించారు. స్క్రూలు గుంటల్లో చేరాయి. చుట్టాలందరూ బయటికి పోయినా తెర వెలగలేదు.

"కొత్తదానికి జబ్బు ఉండదు పాపా. జబ్బు పాతదానికి. కొత్తదానికి ఉండేది మన చేతి తప్పే" అన్నారు.

గుమ్మంలో ఉన్న అమ్మ గబుక్కున కుడిచేతిని కొంగులో దాచుకుంది. మామ అది చూశారు. కంప్యూటరు పెట్టె మీద ఉన్న బొట్టును చూశారు. "బొట్టు ఎవరు పెట్టింది?" అని అడిగారు.

"నేనే అన్నా. వద్దంటే ఇది ఇనలే. నా చేతులు…" అని అమ్మ ఆపేసింది.

మామ ర్యామ్ తీయమని నాకు సైగ చేశారు. వేలెడు పొడవున్న పలక అది, ఒక అంచున వరసగా బంగారు పళ్లు ఉంటాయి. ఆ పళ్లు గాడిలో అంటుకుంటేనే కంప్యూటరుకి తెలివొస్తుంది. మామ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, అమ్మకి వీపు పెట్టి నిలబడ్డారు. వెనకాలే వెళ్లి తొంగి చూశాను. బంగారు పళ్ల మధ్య చందనం ఎండిపోయి పట్టింది. దాంట్లో కుంకుమ ఎరుపు.

నాకు అప్పుడు వెలిగింది. ఏ వస్తువుకైనా బంగారం ఉన్నవైపే మొహం అనుకుని అమ్మ అటువైపు బొట్టు పెట్టింది. ఎక్కువైందని కొంగుతో తుడిచి కూడా ఉంటుంది. నేనేమో కంగారులో చూసుకోకుండా గాడిలో దూర్చి నొక్కాను. అంటే తప్పు అమ్మ చేతిదే. ఉన్నదున్నట్టు చెప్పే మనిషి పక్కనే నిలబడి ఉన్నారు, నోటుపుస్తకం పైన బల్ల మీద ఉంది.

మామ నా టేబుల్ మీద ఉన్న పెన్సిలు రబ్బరు తీసుకుని, ఆ పళ్లను మెల్లిగా, ఒకే వైపుకి రుద్దారు. రబ్బరు అంచు ఎర్రబడింది. పెట్టెను బోర్లించి పట్టుకోమని, గాడిని పొడి బ్రష్షుతో దులిపారు. ఆ తర్వాత రబ్బరును చొక్కా జేబులో వేసుకుని, గదంతా వినబడేలా గొంతెత్తారు.

"చూస్తివా చెల్లెమ్మా, నీ కూతురు చేసిన పని! ఈ ముక్కను సగమే నొక్కుండాది. ఒక పక్క లేచే ఉండాది. టక్కుమనేదాకా నొక్కల్లని వీడియోలో చెప్పలేదా ఏం? చదువుకున్నోళ్ల పని ఇంతే!"

శనివారం నేను నొక్కినప్పుడు రెండుసార్లు టక్కుమంది. నా చెవులారా విన్నాను. నోరు తెరవబోయాను. మామ కళ్లజోడు మీదుగా ఒక చూపు చూశారు. నోరు మూసుకున్నాను.

ర్యామ్ పెట్టి మళ్లీ అన్నీ తగిలించాక, మామ రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు. "స్విచ్చి నువ్వు నొక్కు చెల్లెమ్మా" అన్నారు.

"నేనా? అయ్యో, వద్దన్నా. పాప నొక్కుతాది."

"పాప నొక్కిన చక్కదనం చూసినాం గదా. నేను నొక్కను. నువ్వు నొక్కితే కాఫీ తాగి పోతా, లేదంటే ఈడనే కూర్చోనుంటా."

అన్నట్టే కూర్చున్నారు. చేతులు విప్పలేదు. బయట రోడ్డు మీద పూలమ్మే ఆవిడ కేక వేసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లిపోయింది. అమ్మ కొంగులోంచి చెయ్యి తీసి, చూపుడువేలితో స్విచ్చి నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి. తెర ఒకసారి రెప్పలాడించి తెల్లగా వెలిగింది.

"హమ్మయ్య" అంది అమ్మ. అంతే అంది. అని, కాఫీ పెట్టడానికి పరుగెత్తింది. ఏడేళ్ల తర్వాత అమ్మ పరుగెత్తడం చూశాను.

మామని మెట్లదాకా దిగబెట్టడానికి వెళ్లాను. "అబద్ధమాడారు మామా" అన్నాను రహస్యంగా.

"అబద్ధం కాదు పాపా. వాయిదా" అన్నారు. "ఫ్యాక్టరీలో మావాళ్లూ ఆయుధ పూజకి ఇట్లనే చేసేవాళ్లు, స్విచ్చిల లోపల చందనం పూసి. నుదుటికి పెట్టేదాన్ని ఎవరైనా నాలిక్కి పెడతారా? మీ అమ్మకి మాత్రం చెప్పబాక. ఇప్పుడు చెప్తే ఆమెకి 'నా చెయ్యి' అనేదొక్కటే వినబడతాది." రెండు మెట్లెక్కి వెనక్కి తిరిగారు. "నువ్వు రెండు పక్కలా బాగానే నొక్కినావులే."

సోమవారం పొద్దున్నకి అధ్యాయం పంపాను. పని దొరికింది. ఇప్పటికీ అదే పని, అదే కంప్యూటరు. ఆ మర్నాటి నుంచి పొద్దున స్విచ్చి నొక్కడం అమ్మ వంతైంది. స్నానం చేసి, దీపం పెట్టి, వచ్చి నొక్కి, తెర వెలిగేదాకా నిలబడి, అప్పుడు వంటింట్లోకి వెళుతుంది. నేను పొరపాటున ముందే నొక్కేస్తే ఆ పూట సాంబారులో ఉప్పు తేడా వస్తుంది. కిందటేడు పక్కింటి పిల్ల సీమంతానికి ముందు వరసలో కూర్చుంది. ఆ పిల్లకి గాజులు తొడిగింది కూడా. నేను ఆశ్చర్యపోయి చూస్తుంటే, "ఏంది అట్ల చూస్తావు?" అని కసిరింది. ఆ సాయంత్రం మామకి చెబితే తల ఊపి, "కాఫీ పెట్టమను" అన్నారు.

మామ పోయాక నెలకి ఆయుధ పూజ వచ్చింది. వాళ్లింట్లో ఈ ఏడాదంతా పండగ లేదు. ఆ ముందురోజు సాయంత్రం అత్త మెట్లమీంచే పిలిచి, "వదినా, ఆయన ఒక్క ఏడు కూడా సామాన్లకి బొట్టు పెట్టకుండా ఉండలే. పెట్టెను మీ ఇంట్లో పెట్టుకోని మీరు పెట్టేయండి" అంది. "పెట్టె వస్తే నువ్వూ రావల్ల" అని అమ్మ పైకి వెళ్లింది. ఎవరో గడప దాటకూడదన్నారని అత్త గొణిగింది. అమ్మ వినలేదు. మర్నాడు పెట్టె నేను మోశాను, అత్తని అమ్మ చెయ్యి పట్టుకుని దింపింది. పెట్టెతోబాటు మా ఇడ్లీ రేకు, నోటుపుస్తకం కూడా వచ్చాయి.

అవన్నీ నా కంప్యూటరు పక్కన పరిచాం. నోటుపుస్తకం తిరగేస్తుంటే ఆ ఆదివారం పేజీ దొరికింది. "పాప కంప్యూటరు" అని ఉంది. లోపం గడి ఖాళీ. ఎవరివల్ల అన్న గడి ఖాళీ. పుస్తకమంతా వెతికినా ఇంకో ఖాళీ గడి లేదు. నోటితో ఆడగలిగిన అబద్ధాన్ని ఆయన చేత్తో రాయలేకపోయారు.

అమ్మ కుంకుమ గిన్నె తెచ్చి అత్త ముందు పెట్టింది. "నువ్వే పెట్టు."

అత్త గబుక్కున కుడిచేతిని కొంగులో దాచుకుంది. "నేనా? అయ్యో వదినా, ఇప్పుడు నా చెయ్యి…"

"నేనూ ఇట్లనే చెప్తిని" అంది అమ్మ. "ఆ కంప్యూటరు ఎందుకు వెలగలేదో తెలుసా నీకు? నా బొట్టు వల్లే. బంగారం వైపు పెట్టింది నేను. ఆ బంగారాన్నే కిటికీ దగ్గిర నిలబడి మీ ఆయన రుద్దినాడు. రబ్బరు ఎర్రగా అయింది, జేబులో ఏసుకున్నాడు. కిటికీ అద్దంలో అంతా చూస్తానే ఉన్నా. పాప మీద తప్పు పెట్టి నన్ను కాపాడినాడు."

"అమ్మా! నీకు తెలుసా?" అన్నాను.

"ఎందుకు తెలీదు? నా కండ్లు బాగానే ఉండాయి" అని అత్త వైపు తిరిగింది. "అప్పుడే మొహం మీద చెప్పుంటే నేను ఆ రోజుతో మూల కూర్చోనుందును. ఆయన చెప్పలే, స్విచ్చి నా చేత నొక్కించినాడు. వెలిగింది. మర్నాడు మళ్లీ నొక్కినా. వెలిగింది. నాలుగేండ్లుగా నొక్కుతుండా, ఒక్క దినం వెలగకుండా లేదు. అప్పుడు తెలిసింది వదినా. తప్పు చోటుది. చెయ్యిది కాదు."

అత్త, "ఆ చొక్కా జేబుకి కుంకుమ మరకేందని అడిగితే, గుడికి పోయొచ్చినా అన్నాడు" అంది. "ఆ మనిషి గుడికి పోయిందెప్పుడు! నేనూ నమ్మేస్తిని." నవ్వబోయి ఏడ్చింది. ఏడుస్తూ నవ్వింది. అమ్మ కూడా అంతే.

"పాపా, ఆ ఖాళీ గడులు నింపు" అంది అమ్మ కళ్లు తుడుచుకుంటూ. "చందనం, కుంకుమ. బంగారం వైపు. ఎవరివల్ల అనే కాడ నా పేరు రాయి. తప్పును దాని పేరు పెట్టి పిలవల్లనేది ఆయనే గదా." రాశాను. నాకు వచ్చిన తెలుగు అక్షరాల్లోనే రాశాను.

అత్త కొంగులోంచి చెయ్యి తీసింది. "ఇనుము మీద వద్దు, కొయ్య పిడి మీద పెట్టు" అని అమ్మ పక్కనుంచి ఒకటే హెచ్చరికలు. అత్త స్క్రూడ్రైవర్లకి, పటకారుకి, సుత్తికి, మా ఇడ్లీ రేకు అంచుకి, అన్నిటికీ బొట్టు పెట్టింది. పెట్టె అడుగున చెయ్యి పెడితే చివరిగా రబ్బరు ముక్క ఒకటి తగిలింది. ఒక మూల అరిగిపోయి, అంచున వెలిసిపోయిన ఎరుపుతో ఉంది. అత్త దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. వేలు మళ్లీ గిన్నెలో ముంచి, ఆ పాత ఎరుపు మీదే కొత్త బొట్టు పెట్టింది.